అరువు కోటు, అసలు ముఖం

రిచర్డ్ ఆవెడాన్ పేరు మనలో ఎంతమంది విని ఉంటారో నాకు తెలియదు. ఆయన తీసిన ఫోటోలు మాత్రం ఎక్కడో ఒకచోట మనలో చాలామందికి కనబడే ఉంటాయి. 1955లో పారిస్ సర్కస్‌లో ఏనుగుల మధ్య పొడుగాటి గౌను వేసుకుని నిలబడ్డ డొవీమా అనే మోడల్ ఫోటో ఆయనదే. 1957లో నవ్వడం మరిచిపోయి ఎటో చూస్తున్న మెర్లిన్ మన్రో ఫోటో కూడా ఆయనదే. అదే ఏడాది హాలీవుడ్ వాళ్ళు ఆయన వృత్తి జీవితాన్ని ఆధారం చేసుకుని ఫన్నీ ఫేస్ అనే సినిమా తీశారు. అందులో ఫోటోగ్రాఫర్ వేషం వేసింది ఫ్రెడ్ అస్టెయిర్. అందమైన ఆడవాళ్ళను మరింత అందంగా చూపించడంలో ఆవెడాన్‌కి వచ్చినంత పేరు ఆ కాలంలో చాలా కొద్దిమందికే వచ్చింది.

నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం ఆయన మగవాళ్ళను తీసిన ఫోటోల గురించి. అందులోనూ ముఖ్యంగా ఒక ముసలాయన ఫోటోల గురించి. ఆ ముసలాయన ఆవెడాన్ తండ్రి.

నేను ఫోటోగ్రఫీ చదువుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పడి, డాలస్ దగ్గర ఇల్లు కొనుక్కున్న వాణ్ణి. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఫోర్ట్ వర్త్ తీసుకెళ్ళి స్టాక్‌యార్డ్స్‌లో పొడుగు కొమ్ముల పశువుల ఊరేగింపు చూపించడం మా ఇంట్లో ఆనవాయితీ. 2017లో అలాగే వెళ్ళినప్పుడు ఎండ తట్టుకోలేక, టికెట్ కూడా లేదు కదా అని, అక్కడి ఏమన్ కార్టర్ మ్యూజియంలోకి దూరాం. ఆ రోజు గోడల మీద ఉన్నవి ఆవెడాన్ టెక్సస్‌లో తీసిన ఫోటోలు. ఏసీ కోసం వెళ్ళినవాణ్ణి ఆ ముఖాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. అప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ఆవెడాన్ 1923 మే 15న న్యూయార్కులో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి జేకబ్ ఇజ్రాయెల్ ఆవెడాన్ రష్యాలో పుట్టి అమెరికాకి వచ్చినవాడు. చిన్న చిన్న పనులతో మొదలుపెట్టి, పైకొచ్చి, న్యూయార్కులోని ఫిఫ్త్ ఎవెన్యూలో ఆడవాళ్ళ బట్టల దుకాణం పెట్టిన మనిషి. తల్లి ఆనా పుట్టింటి వాళ్ళది కూడా బట్టల వ్యాపారమే. తండ్రి బాగా స్ట్రిక్టు. మగపిల్లాడు జీవితంలో నెగ్గాలంటే ఒంట్లో బలం, చదువు, డబ్బు, ఈ మూడూ ఉండాలని ఆయన సిద్ధాంతం. కొడుకు సన్నగా, సున్నితంగా, కవిత్వం రాసుకుంటూ ఉండేవాడు. తండ్రికి నచ్చాల్సినవాటిలో ఒకటీ సరిగ్గా కుదరలేదు. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మన ఇళ్ళలోనూ సిలబస్ దాదాపు ఇదే. ఒంట్లో బలం బదులు ఎంసెట్ ర్యాంకు పెట్టుకుంటే సరిపోతుంది.

ఆవెడాన్ తన చిన్ననాటి ఫ్యామిలీ ఫోటోల గురించి తర్వాత రాసిన సంగతి ఒకటి చాలా ప్రసిద్ధం. వాళ్ళింట్లో ఫోటో తీసుకోవడమంటే పెద్ద ఏర్పాటట. అందరూ మంచి బట్టలు వేసుకుని, ఎవరిదో ఖరీదైన కారు ముందో, ఎవరిదో పెద్ద ఇంటి ముందో నిలబడేవారట. పక్కన కుక్క ఉంటే దర్జాగా ఉంటుందని ఎవరి కుక్కనో అరువు తెచ్చుకునేవారట. పెద్దయ్యాక ఆల్బం తిరగేస్తే, ఒక్క ఏడాది ఫోటోల్లోనే పదకొండు వేరువేరు కుక్కలు కనబడ్డాయట! వాళ్ళకి సొంత కుక్క లేదు. ఆ ఫోటోలన్నీ తాము ఎవరో చెప్పేవి కావు, ఎవరిలా కనబడాలనుకున్నారో చెప్పేవి.

అరువు కుక్కల సంగతి మనకి అర్థం కాకపోవడమేమీ లేదు. మా నాన్నగారి పెళ్ళినాటి ఫోటో ఒకటి ఉంది. నల్ల కోటు, చేతికి వాచీ, కుర్చీ చెయ్యి మీద బిగించిన పిడికిలి. మా బాబాయి ఫోటోలోనూ అదే కోటు. మా మేనమామ ఫోటోలోనూ అదే కోటు. ఆ కోటు స్టూడియో వాళ్ళది. భుజాలు పెద్దవైతే వెనకాల పిన్నీసులు పెట్టేవారని మా అమ్మ చెప్పేది. తిరనాళ్ళలో అట్టతో చేసిన విమానంలో కూర్చుని తీయించుకున్న ఫోటోలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. ఇక మన సంగతి. అమెరికా వచ్చిన మొదటి నెలలో ఎవరి కారుకి ఆనుకుని నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపించామో గుర్తు తెచ్చుకోండి. నాదైతే 2003లో, అపార్ట్‌మెంటు పార్కింగులో ఒక సీనియర్ కారు పక్కన. జేబులో బస్సు పాసు, కళ్ళకి నల్లద్దాలు.

పన్నెండేళ్ళ వయసులో ఆవెడాన్ యూదుల యువజన సంఘం వారి కెమెరా క్లబ్బులో చేరాడు. ఇంట్లో ఉన్న కోడాక్ బాక్స్ బ్రౌనీ కెమెరాతో ఎక్కువగా తీసింది చెల్లెలు లూయీస్ ఫోటోలే. లూయీస్ చాలా అందగత్తె. ఇంట్లోవాళ్ళంతా ఆ అందాన్నే పొగిడేవారు తప్ప ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరూ పట్టించుకోలేదని ఆయన బాధపడేవాడు. ఆమెకి స్కిజోఫ్రీనియా వచ్చింది. ఆసుపత్రుల్లోనే చాలాకాలం గడిపి 1968లో, 42 ఏళ్ళకే పోయింది. పైకి కనబడే ముఖానికీ లోపల నలిగే మనిషికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆయన మొట్టమొదట చూసింది తన ఇంట్లోనే.

బ్రాంక్స్‌లోని డివిట్ క్లింటన్ హైస్కూల్లో ఆయనతో కలిసి స్కూలు పత్రిక నడిపిన కుర్రాడు జేమ్స్ బాల్డ్విన్, తర్వాతి కాలంలో అమెరికా గర్వించే నల్లజాతి రచయిత. 1941లో ఆవెడాన్‌కి న్యూయార్కు నగర హైస్కూళ్ళ స్థాయిలో కవిగా బహుమతి వచ్చింది. కాలేజీ చదువు ఎక్కువ కాలం సాగలేదు. 1942లో మర్చంట్ మెరీన్‌లో చేరాడు. వెళ్ళేటప్పుడు తండ్రి ఒక రోలైఫ్లెక్స్ కెమెరా కొనిచ్చాడు. కొడుకు దారి నచ్చని తండ్రే ఆ దారికి కావలసిన పనిముట్టు చేతిలో పెట్టాడన్నమాట. మన నాన్నల ప్రేమ కూడా ఎక్కువగా ఇలాగే ఉంటుంది. మాటల్లో తిట్టు, చేతిలో ఫీజు డబ్బులు.

అక్కడ రెండేళ్ళపాటు ఆయన పని నావికుల గుర్తింపు కార్డులకి ఫోటోలు తీయడం. ఒకరి తర్వాత ఒకరు, వెనకాల ఖాళీ గోడ, ముందు ముఖం, అంతే. యుద్ధకాలం కాబట్టి వాళ్ళలో కొందరు తిరిగి రారన్న సంగతి తీసేవాడికీ తెలుసు, తీయించుకునేవాడికీ తెలుసు. వేలకొద్దీ మగవాళ్ళ ముఖాలు అలా ఆయన కళ్ళ ముందు నుంచి వెళ్ళాయి. ముఖం తప్ప ఇంకేమీ లేని ఫోటో ఎంత చెప్పగలదో ఆయనకి తెలిసింది ఆ ఉద్యోగంలోనే అనిపిస్తుంది నాకు.

యుద్ధం ముగిసే రోజుల్లో అలెక్సీ బ్రోడోవిచ్ అనే గురువు దగ్గర చదువుకుని, ఆయన ఆర్ట్ డైరెక్టరుగా ఉన్న హార్పర్స్ బజార్ పత్రికలో చేరాడు. అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేసి, 1966లో వోగ్‌కి మారాడు. అంటే పగలంతా ఆయన ఉద్యోగం అరువు కుక్కలను అందంగా అమర్చడమే. బట్టలు, వెలుతురు, నవ్వు, గాల్లో ఎగిరే గౌను. డబ్బూ పేరూ రెండూ వచ్చాయి. కానీ మరోపక్క అదే స్టూడియోలో ఇంకో రకం ఫోటోలు కూడా మొదలుపెట్టాడు. అవి తీసేటప్పుడు ఆ అమరికంతా తీసి పక్కన పెట్టేవాడు.

ఎజ్రా పౌండ్ అనే పెద్ద కవిని యుద్ధకాలంలో దేశద్రోహం ఆరోపణ మీద పట్టుకుని, పన్నెండేళ్ళకు పైగా వాషింగ్టన్‌లోని మానసిక చికిత్సాలయంలో ఉంచారు. 1958లో విడుదలైన కొద్ది వారాలకే ఆవెడాన్ ఆయన్ను ఫోటో తీశాడు. బొత్తాలు విప్పిన చొక్కా, గట్టిగా మూసుకున్న కళ్ళు, నొసలంతా ముడతలు. 1964 జనవరిలో తీసిన ఐసెన్‌హోవర్ ఫోటో చూడండి. ప్రపంచ యుద్ధం గెలిపించిన సేనాపతి, రెండుసార్లు అమెరికా అధ్యక్షుడు. ఫోటోలో మాత్రం ఎక్కడో ఆలోచన తప్పిపోయిన ఒక బట్టతల తాతగారు. 1968లో తుపాకి కాల్పులకు గురై చావు తప్పించుకున్న చిత్రకారుడు ఆండీ వార్హోల్, మరుసటి ఏడాది ఆవెడాన్ కెమెరా ముందు బట్ట పైకెత్తి పొట్ట మీద ఆపరేషన్ కుట్లు చూపించాడు. 1963 మార్చిలో అట్లాంటాలో తీసిన మరో ఫోటోలో మార్టిన్ లూథర్ కింగ్, ఆయన తండ్రి, ఆయన చిన్న కొడుకు, మూడు తరాల మగవాళ్ళు ఒకే ఫ్రేములో ఉంటారు. ఆ తర్వాత అయిదేళ్ళకి మధ్య తరం మనిషిని కాల్చి చంపారన్నది తెలిసి చూస్తే ఆ ఫోటో ముందు గొంతు పట్టేస్తుంది.

అదే 1963లో ఆయన లూసియానాలో బానిసగా పుట్టి బతికి ఉన్న ముసలాయన విలియం కాస్బీని తీశాడు. అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో రోగులనూ తీశాడు. పాత స్నేహితుడు బాల్డ్విన్ రాసిన వ్యాసంతో కలిపి 1964లో వాటిని నథింగ్ పర్సనల్ అనే పుస్తకంగా వేశాడు. ఆసుపత్రి ఫోటోల వెనక చెల్లెలు లూయీస్ ఉందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంజనీరుని కాబట్టి ఆయన పనిచేసే పద్ధతి కాస్త వివరిస్తాను. 1969 ప్రాంతంలో ఆయన చిన్న కెమెరా పక్కనపెట్టి డియర్‌డార్ఫ్ అనే పాతకాలపు పెద్ద పెట్టె కెమెరా పట్టుకున్నాడు. దాని ఫిల్ము ఒక్కొక్క షీటూ 8 అంగుళాలు బై 10 అంగుళాలు. మనకు అలవాటైన 35 ఎంఎం ఫ్రేముతో పోలిస్తే వైశాల్యం దాదాపు 60 రెట్లు. అందుకే మనిషి కంటే పెద్ద సైజులో ప్రింటు వేసినా గడ్డం మీద వెంట్రుక, గోటి కింద మట్టి, కంటి కొసన తడి, అన్నీ స్పష్టంగా ఉంటాయి. వెనకాల సుమారు 9 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడుగు తెల్ల కాగితం. ఎండలో తీయడు, నీడలోనే. ఎండ పడితే ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి ఏర్పడి, ఎక్కడ చూడాలో వెలుతురే నిర్ణయిస్తుంది. నీడలో అయితే ముఖంలోని ప్రతి అంగుళమూ సమానమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆయన నిలబడే చోటు. పెద్ద కెమెరాలో ఫిల్ము పెట్టాక వెనక నుంచి చూసే వీలుండదు. కాబట్టి లెన్సుకి పక్కనే, ఎదుటి మనిషికి సుమారు నాలుగడుగుల దూరంలో నిలబడేవాడు. ఎదుటి మనిషికి దాక్కోవడానికి కారు లేదు, చెట్టు లేదు, కుర్చీ లేదు. చూడ్డానికి ఉన్నదల్లా ఎదురుగా మరో మనిషి. ఆ స్థితిలో బింకం ఎంతసేపు నిలుస్తుంది? కాసేపటికి భుజాలు వాలతాయి, చేతులు ఏం చేయాలో తెలియక ఊగుతాయి. ఆ క్షణంలో షటర్ పడేది.

ఈ పద్ధతితో ఆయన తీసిన వాటిలో అన్నిటికంటే కష్టమైనది తన తండ్రి ఫోటోలు. తండ్రీకొడుకుల మధ్య ఏళ్ళ తరబడి దూరం పెరిగింది. జేకబ్ ఫ్లోరిడాలోని సారసోటాలో స్థిరపడ్డాడు. ఎనభై ఏళ్ళ వయసు, పైగా క్యాన్సర్. 1969 నుంచి కొడుకు అక్కడికి వెళ్ళి ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. తండ్రి కెమెరా చూడగానే చిన్నప్పటి ఆల్బంలో పెట్టుకునే ఆ పెద్దమనిషి నవ్వే పెట్టుకునేవాడు. ఆ నవ్వు మీది కాదు, మీలోని కోపం, ఆకలి, ఉద్వేగం నాకు కావాలి, వాటినే నేను గౌరవిస్తాను అన్న అర్థంలో కొడుకు ఆయనకి ఒక ఉత్తరం కూడా రాశాడు.

నాలుగేళ్ళపాటు ఆ ఫోటోలు సాగాయి. మొదటి వాటిలో జేకబ్ సూటు, టై వేసుకుని ఉంటాడు. తర్వాత్తర్వాత కాలర్లో మెడ సన్నబడుతుంది. కళ్ళలో భయం కనబడుతుంది. భయాన్ని దాచుకునే ఓపిక తగ్గడమూ కనబడుతుంది. ఆఖరి ఫోటో తేదీ 1973 ఆగస్టు 25. అందులో సూటు లేదు, ఆసుపత్రి గౌను ఉంది. బలం, చదువు, డబ్బు అన్న మూడు ఆయుధాల మనిషి దగ్గర ఆ పూట మూడూ పనికిరాలేదు. ఆ ఏడాదే ఆయన పోయాడు. 1974లో న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఫోటోల్లోంచి ఎనిమిదింటిని ప్రదర్శించింది.

అప్పుడు చాలామంది మండిపడ్డారు. చావుబతుకుల్లో ఉన్న తండ్రిని ఎవరైనా అలా తీసి గోడకి పెడతారా అన్నారు. చిన్నప్పటి కసి తీర్చుకున్నాడన్నారు. ఆ విమర్శ పూర్తిగా తీసిపారేయాల్సింది కాదు. ఆవెడాన్ అమాయకుడేమీ కాదు. 1957లో విండ్సర్ ప్రభువు దంపతులు కెమెరా ముందు ఎంతకీ నవ్వు చెదరనివ్వకపోతే, తన టాక్సీ దారిలో ఒక కుక్కని తొక్కేసిందని అబద్ధమాడి, వాళ్ళ ముఖాలు వాడిపోయిన క్షణం పట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. కుక్కల ప్రేమికుల దగ్గర అది అన్యాయం. కానీ తండ్రి ఫోటోల్లో అటువంటి ఎత్తు నాకు కనబడదు. నాలుగేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ కెమెరా ముందు నిలబడ్డది తండ్రే. కొడుక్కి ఏం కావాలో తెలిసీ నిలబడ్డాడు. జీవితమంతా మాట కలవని ఇద్దరు మగవాళ్ళు చివరికి నాలుగడుగుల దూరంలో ఎదురెదురుగా ఉండగలిగారు. కెమెరా లేకపోతే ఆ మాత్రం కూడా కుదిరేది కాదేమో.

ప్రదర్శన జరిగిన ఏడాదే ఆవెడాన్‌కి గుండె జబ్బు చేసింది. తర్వాత కొన్నాళ్ళకు మోంటానాలో విశ్రాంతి తీసుకుంటూ, 1978 జూలై 4న అక్కడి ఒక పశువుల క్షేత్రంలో పనిచేసే మేస్త్రీని ఫోటో తీశాడు. అది చూసిన ఏమన్ కార్టర్ మ్యూజియం డైరెక్టరు మిచెల్ వైల్డర్, అమెరికా పశ్చిమ ప్రాంతపు మనుషులందరినీ ఇలా తీసిపెట్టమని కోరాడు. 1979 మార్చిలో టెక్సస్‌లోని స్వీట్‌వాటర్ ఊళ్ళో పాముల సంతలో పని మొదలైంది. 1984 వరకు 189 ఊళ్ళు తిరిగి 752 మందిని తీశాడు. ఖర్చయిన ఫిల్ము సుమారు 17,000 షీట్లు. 1985 సెప్టెంబరులో ఫోర్ట్ వర్త్‌లో ఇన్ ది అమెరికన్ వెస్ట్ పేరుతో ప్రదర్శన తెరిచారు.

ఆ రోజుల్లో పశ్చిమం అంటే గుర్రం మీద మార్ల్‌బరో సిగరెట్టు మనిషి. దేశాధ్యక్షుడు రీగన్ కూడా ఒకప్పుడు కౌబాయ్ వేషాలు వేసిన నటుడే. ఆవెడాన్ చూపించింది వేరే మగవాళ్ళను. ఒళ్ళంతా బొగ్గు పట్టిన గని కార్మికులు. ఓక్లహోమాలోని వెల్మాలో నూనె మరకలతో నిలబడ్డ చమురు బావి పనివాడు. ఇంటర్‌స్టేట్ 40 పక్కన యూకన్ దగ్గర దిక్కూమొక్కూ లేకుండా తిరిగే దేశదిమ్మరి. రక్తం అంటిన ఏప్రన్‌తో, పొట్ట చీల్చిన పాముని రెండు చేతులా పట్టుకున్న పదమూడేళ్ళ కుర్రాడు, వాడి ముఖమేమో ఆడపిల్లంత సుకుమారం. 1981లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో తీసిన తేనెటీగల మనిషి ఫోటో అన్నిటికంటే పేరుపొందింది. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేని ఆ మనిషి చొక్కా లేకుండా నిలబడితే, ఒక కీటక శాస్త్రవేత్త రాణి ఈగ వాసన ద్రవం ఆయన చర్మం మీద రాశాడు. ఈగలు వచ్చి వాలాయి. ఆయన బలంగా ఎదిరించడు, పారిపోడు. కుట్టినా కుట్టనీ అన్నట్టు నిశ్చలంగా ఉంటాడు. తొడ కొడితే రైలు వెనక్కి వెళ్ళే హీరోలకి చప్పట్లు కొట్టిన నాకు, ధైర్యానికి ఇలాంటి రూపం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

టెక్సస్ వాళ్ళకి కూడా కోపం వచ్చింది. న్యూయార్కు ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ వచ్చి మా పశ్చిమాన్ని దీనంగా చూపించాడన్నారు. ఎవరిని ఎంచాలో, ఏ క్షణం ఉంచాలో అంతా ఆయన చేతిలోదే, బీదవాడి చేతిలో ఏముందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను చూసినంతవరకు ఆ మగవాళ్ళు జాలి అడుక్కుంటున్నట్టు కనబడలేదు. అలసిపోయాం, ఇదీ మా ఒళ్ళు, చూసుకో అన్నట్టు ఉన్నారు. అధ్యక్షుడికీ దేశదిమ్మరికీ ఒకే తెల్ల కాగితం, ఒకే నీడ ఇచ్చాడన్నది మాత్రం ఆయన ఖాతాలో వేయాలి.

ఇదంతా మన సావనీరులో ఎందుకంటారా? మనది మగవాళ్ళు తమ నొప్పి దూరదేశానికి తెలియనివ్వని సమాజం. 2019లో మా నాన్నగారికి విజయవాడలో గుండె ఆపరేషన్ అయింది. అయిపోయిన రెండో రోజు గానీ నాకు చెప్పలేదు. వీడియో కాల్ చేస్తే, ఆసుపత్రి గౌను మీద ఇస్త్రీ చొక్కా వేయించుకుని, చేతి గొట్టాలు కనబడకుండా ఫోను పైకి పట్టించుకుని, డాలస్‌లో వానలు పడుతున్నాయా అని అడిగారు. అప్పుడు నా పక్కన ఏ స్టూడియో కోటు లేకపోయినా, నేనూ నవ్వుముఖమే పెట్టుకుని, పడుతున్నాయి నాన్నగారూ అన్నాను. ఆ నెలలో మా ప్రాజెక్టు మూతపడి నా ఉద్యోగం ఊగిసలాడుతోంది. ఆ మాట ఆయనకి నేనూ చెప్పలేదు. తొమ్మిది వేల మైళ్ళకి అటూ ఇటూ చెరో అరువు కుక్క.

ఆ డిసెంబరులో ఇంటికి వెళ్ళినప్పుడు, వరండాలో నీడ పట్టున గోడకి అమ్మ తెల్ల దుప్పటి కట్టి, నాన్నగారిని ఒక ఫోటో తీస్తానన్నాను. గడ్డం చేసుకుని చొక్కా వేసుకుని వస్తానన్నారు. అలాగే ఉండండి అన్నాను. కాసేపు నా వంక చూసి, బనీనుతోనే వచ్చి నిలబడ్డారు. ఫోను స్టాండు మీద పెట్టి నేను పక్కన నిలబడ్డాను. బనీను మీదుగా కుట్టు గీత కొంచెం కనబడుతోంది. ఆయన కెమెరాని చూడలేదు, నన్ను చూశారు. మొదట పిడికిలి బిగించారు, తర్వాత వదిలేశారు. అప్పుడు చెప్పారు, ఆపరేషన్ ముందు రాత్రి భయమేసిందని. నేను ఉద్యోగం సంగతి చెప్పాను. ఇద్దరం అంతకంటే ఎక్కువ మాట్లాడుకోలేదు గానీ, ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఇద్దరం మామూలు కంటే ఎక్కువసేపే కూర్చున్నాం.

ఆ ఫోటో చూసి మా అమ్మ, ఇది గోడకి పెట్టే ఫోటో కాదంది. నిజమే. మన ఇళ్ళలో గోడకెక్కే ఫోటో ఎలా తయారవుతుందో మీకు తెలుసు. మనిషి పోయాక ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డుదో, బ్యాంకు పుస్తకంలోదో ఒకటి దొరుకుతుంది. దాన్ని పెద్దది చేసి, జుట్టు నల్లగా దిద్ది, స్టూడియో కుర్రాడు కంప్యూటర్లో ఒక కోటు తొడుగుతాడు. దానికి దండ వేస్తాం. మా నాన్నగారు 2022లో పోయినప్పుడు మా ఇంట్లోనూ కోటు ఫోటోకే దండ పడింది. బనీను ఫోటో నా దగ్గర ఉంది. మా నాన్న ఎలా ఉండేవారని మా పిల్లలు అడిగితే నేను చూపించేది అదే.

ఆవెడాన్ చివరిదాకా పని ఆపలేదు. 1992లో న్యూయార్కర్ పత్రికకి మొట్టమొదటి స్టాఫ్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 2004 ఎన్నికల ఏడాదిలో ప్రజాస్వామ్యం మీద ఒక పెద్ద ఫోటోల వరస మొదలుపెట్టి నాయకులనూ, మామూలు మనుషులనూ, టెక్సస్‌లో సైనికులనూ తీశాడు. ఆ పని మీద శాన్ ఆంటోనియోలో ఉండగా మెదడులో రక్తస్రావమై, 2004 అక్టోబరు 1న కన్నుమూశాడు. అప్పటికి 81 ఏళ్ళు. పూర్తికాని ఆ ఫోటోలను పత్రిక తర్వాతి నెలలో అచ్చువేసింది. 2023లో ఆయన శతజయంతికి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన పెద్ద కుడ్యచిత్రాల్లాంటి ఫోటోలను ప్రదర్శించింది.

పశ్చిమపు ఫోటోలు ఫోర్ట్ వర్త్ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, అప్పుడప్పుడూ కొన్ని బయటికి తీస్తుంటారు, కాబట్టి వెళ్ళేముందు కనుక్కోండి. మీ అమ్మానాన్నలు వేసవికి వచ్చి ఉంటే స్టాక్‌యార్డ్స్‌తో పాటు అక్కడికీ తీసుకెళ్ళండి. ముఖ్యంగా నాన్నగారిని. తిరిగి వచ్చాక ఇంటి వెనక నీడలో ఒక తెల్ల దుప్పటి కట్టండి. ఫోను ఎక్కడైనా ఆనించి, మీరు దాని వెనక కాకుండా పక్కన నిలబడండి. ఆయన చొక్కా మార్చుకుని వస్తానంటే, ఒక్క ఫోటో మాత్రం మార్చుకోకముందే తీసుకోండి.